అడిగి నడిచిన దారి

ఆదివారం ఉదయం క్రిడెన్‌హోప్ చర్చి గంటలు మొదలయ్యే ముందు గాడ్‌సాల్ గారి పశువుల కొట్టం దగ్గర ఒక మాట తప్పకుండా వినిపించేది.

"వెళ్లొచ్చా అండీ, గాడ్‌సాల్ గారూ?"

అడిగేది హెస్టర్ ప్రాబర్ట్. ముసలి గాడ్‌సాల్ చేతిలోని బకెట్టు కింద పెట్టి, టోపీ అంచు తాకి, "వెళ్లండమ్మా, వెళ్లండి" అనేవాడు. ఆమె "చాలా సంతోషమండీ" అని గేటు తీసుకుని, లోపలికి వచ్చాక గడియ జాగ్రత్తగా వేసి, పొలానికి అడ్డంగా చర్చి వైపు పోయే కాలిబాట పట్టేది. చూసేవాళ్లకు ఎంత ముచ్చటగా ఉండేదో! ఇంత మర్యాద ఈ రోజుల్లో ఎక్కడుందని పాఠకులకు కూడా అనిపించవచ్చు. అలా అనిపించినవాళ్లే ఈ కథ చివరిదాకా చదవాలి.

హెస్టర్ భర్త సైలస్‌కు మాత్రం ఆ మర్యాద చూస్తే ఒళ్లు మండేది. చర్చిలో గంటలు మోగించే ఆరుగురిలో అతనొకడు. వయసు మీద పడి చూపు మసకబారినా, తన గంట తాడు మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఆ బాటలో ఏ గుంట ఎక్కడుందో, కంచె దాటే చెక్క మెట్టు ఎక్కడుందో అతని కాళ్లకే తెలుసు.

"ఏమే, రేపు గాలి పీల్చుకోవడానికి కూడా ఆయన్నడిగిరా," అనేవాడు దారి పొడుగునా. "ఈ బాటలో మా తాత నడిచాడు. నాకు పేరు పెట్టించడానికి మా అమ్మ నన్ను చంకనేసుకుని ఈ బాటనే పోయింది. ఆవిడ ఎవణ్ణడిగిందట?"

"పొలం ఆయనదయ్యా. ఒక్క మాట అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"నా నోట్లో పళ్లే లేవు, ముత్యాలెక్కణ్ణుంచి వస్తాయి?"

"అందుకే నీ బదులు కూడా నేనే అడుగుతున్నా. సంతోషించు."

హెస్టర్ పెళ్లికి ముందు ఒక పెద్దింట్లో పనిమనిషి. తలుపు తట్టకుండా గదిలో అడుగు పెట్టకూడదని, దొరసాని అడిగితే తప్ప నోరు తెరవకూడదని చిన్ననాడే నేర్చుకుంది. నేర్చుకున్నది తన దగ్గరే ఉంచుకోలేదు. తాము ఉండే దిగువ వాడకు కోడలిగా వచ్చిన ప్రతి పిల్లకీ ఆమే దగ్గరుండి చెప్పేది: "గేటు దగ్గర ఆగాలి. అడగాలి. థాంక్స్ చెప్పాలి. మనం బీదవాళ్లమే గానీ పద్ధతి లేనివాళ్లం కాదు." కొన్నేళ్లకు ఆ వాడలో ఆడవాళ్లంతా అలాగే అడగసాగారు. గాడ్‌సాల్ ఒక్కనాడూ కాదనలేదు. కాదననివాణ్ణి అడగడంలో నష్టమేముందని అందరూ అనుకున్నారు.

ఆ బాట లేకపోతే దిగువ వాడకు రోడ్డే గతి. అది పేరుకే రోడ్డు. రెండు పక్కలా మనిషెత్తు గట్లు, గట్ల మీద దట్టంగా పొదలు, వంపు మీద వంపు. పాల ట్యాంకరు వస్తే మనిషి తప్పుకోవడానికి అడుగు జాగా ఉండదు. పిల్లలు బడికీ, ముసలివాళ్లు దుకాణానికీ పొలం గుండానే పోయేవారు.

గాడ్‌సాల్ చనిపోయాడు. పిల్లలు పొలం అమ్ముకున్నారు. కొన్నది లండన్‌లో బాగా గడించిన ఫెన్‌విక్ అనే పెద్దమనిషి. వచ్చిన వసంతంలోనే గేటుకు గొలుసు పడింది, తాళం పడింది, 'ప్రైవేటు స్థలం' అనే బోర్డు పడింది. హెస్టర్ అలవాటు ప్రకారం గేటు దగ్గర నిలబడి, "వెళ్లొచ్చా అండీ?" అని అడిగింది. లోపలున్న ఫెన్‌విక్ కూడా మర్యాదగానే, "క్షమించండి, కుదరదు" అన్నాడు.

ఊరు కదిలింది. పారిష్ అనే ఊరి పంచాయతీకి గుమాస్తా మిస్ ఐవీ లాక్‌లీ, ఒకప్పుడు ఊరి బడిలో సగం మందికి చదువు చెప్పిన మనిషి, అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పింది. ప్రభుత్వం వారి దారుల పటంలో ఈ బాట లేదు. అయినా ఇరవై ఏళ్లపాటు జనం ఒక దారిలో బాహాటంగా, తగవు పడకుండా, ఎవరి అనుమతీ తీసుకోకుండా తమదన్నట్టు నడిస్తే చట్టం దాన్ని ఊరి దారిగా ఒప్పుకుంటుంది. విచారణకు అధికారి వస్తాడు. "ఎన్నేళ్లుగా నడుస్తున్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలు," అంది ఆమె.

గేటు దగ్గర అడిగేవారా అని ఆమె ఎవరినీ అడగలేదు. వాళ్లూ చెప్పలేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టడం లాంటిదే వాళ్లకది. అదీ ఒక విషయమని ఎవరికి తోస్తుంది?

విచారణ ఊరి హాల్లో జరిగింది. ముందు సైలస్ లేచాడు. "నడక వచ్చిన నాటినుంచీ నడుస్తున్నా. ఎవణ్ణీ అడగలేదు. అడగమన్నవాడూ లేడు," అని కూర్చున్నాడు. అంతమంది పెద్దమనుషుల ముందు ఆ మోటు మాటకు హెస్టర్ చెవులు ఎర్రబడ్డాయి. భర్త తెచ్చిన తలవంపులు తాను సరిదిద్దాలనుకుంది. ఆమె వంతు వచ్చింది. ఫెన్‌విక్ తరఫు లాయరమ్మ చాలా నెమ్మదైన మనిషి.

"మీవారు ఎవర్నీ అడగలేదన్నారు, మిసెస్ ప్రాబర్ట్."

"ఆయన మాట మోటండీ, మనసు మంచిదే. ఆయన బదులు కూడా నేనే అడిగేదాన్ని."

"ప్రతిసారీనా?"

"గాడ్‌సాల్ గారు కనబడితే ప్రతిసారీ. మా వాడలో అందరం అంతే."

"ఆయన ఎప్పుడైనా వద్దని ఉంటే?"

"వద్దంటే రోడ్డున పోయేవాళ్లం. పొలం ఆయనది కదండీ."

"ఇంత నిజాయితీగా చెప్పినందుకు మీకు చాలా థాంక్స్," అంది లాయరమ్మ, ఇంకేమీ అడగకుండా కూర్చుంది. హెస్టర్ తృప్తిగా తన కుర్చీకి తిరిగి వచ్చింది. మిస్ లాక్‌లీ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. సైలస్ ఒళ్లో టోపీ పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చున్నాడు.

తిరిగి వస్తుంటే మాత్రం, "బాగానే మాట్లాడావే ముసల్దానా. లాయరమ్మ కూడా నిన్నే మెచ్చుకుంది," అన్నాడు. అది మెప్పో దెప్పో ఆమెకు తెలియలేదు.

చలి మొదలయ్యేసరికి తీర్పు వచ్చింది. అనుమతి అడిగి నడిచినవాళ్లు అతిథులే గాని హక్కుదార్లు కారు; అక్కడ ఊరి దారి ఏదీ లేదు. మిస్ లాక్‌లీ చదివి వినిపించాక హెస్టర్ వంటింట్లో కుర్చీ మీద కూలబడింది.

"నేనేం చేశానయ్యా?"

"నీకు మంచిదని తోచింది చేశావు," అన్నాడు సైలస్. "ఏడవకు. నా బూట్లెక్కడ పెట్టావ్? గంటల సాధనకు పోవాలి."

"రోడ్డు మీదా? నీ కళ్లతోనా?"

"మరి గంట ఇక్కడికి నడిచొస్తుందా?"

ఆమె బతిమాలింది, తిట్టింది, బూట్లు దాచింది. అతను వినలేదు. ఆ చలికాలమంతా చేత్తో గట్టు తడుముకుంటూ రోడ్డున వెళ్లాడు. కొన్నిసార్లు ఆమె తోడు వెళ్లేది. కీళ్లు పట్టేసిన ఒక ఆదివారం వెళ్లలేకపోయింది.

పొయ్యి దగ్గర బంగాళాదుంపల తొక్కు తీస్తూ ఆమె గంటల కోసం చెవి ఒగ్గింది. ఎప్పటికంటే ఆలస్యమైంది. చివరికి మొదలయ్యాయి. చిన్న గంట, దాని తర్వాతది, ఆ తర్వాత ఒక గంట మోగాల్సిన చోట ఏమీ లేదు. మళ్లీ వరస తిరిగి వచ్చింది. మళ్లీ అక్కడ ఖాళీ. మోగనిది ఇన్నేళ్లు ఆమె విన్న సైలస్ గంటే. చేతిలో కత్తి అలాగే పట్టుకుని, నడుముకు కట్టుకున్న గుడ్డతోనే ఆమె బయటికి పరుగెత్తింది. కీళ్ల నొప్పి ఆమెకు గుర్తు రాలేదు.

రెండో వంపులో పాల ట్యాంకరు ఆగి ఉంది. దాని కుర్రడ్రైవరు గట్టు మీద కూర్చుని తల పట్టుకుని ఏడుస్తున్నాడు. "ఎండ కళ్లల్లో పడిందమ్మా... నాకు కనబడలేదమ్మా..." అంటున్నాడు. హెస్టర్ రోడ్డు మీద కూర్చుని సైలస్ తల ఒళ్లో పెట్టుకుంది. అప్పటికే ప్రాణం పోయింది.

సమాధి చేసే రోజున ఫెన్‌విక్ గేటు తాళం తీయించాడు. శవపేటికను పొలం గుండా మోసుకుపోవచ్చని కబురు పంపాడు. తాను కూడా వచ్చి, టోపీ తీసి, గేటు పక్కన తలవంచుకుని నిలబడ్డాడు. పేటిక వెనక నడుస్తున్న హెస్టర్ అతని ముందుకు రాగానే ఆమె నోరు తనంతట తాను, "చాలా సంతోషమండీ" అంది. నాలుగడుగులు వేశాక ఆ మాట ఆమెకే వినబడింది. బతికినంతకాలం నడిచిన దారిలో మొగుడి శవాన్ని తీసుకుపోవడానికి తాను ఒకరికి కృతజ్ఞత చెప్పింది!

వారం తర్వాత మిస్ లాక్‌లీ టీకి వచ్చింది. హెస్టర్ కప్పు ముట్టకుండా, "అసలు ఆ బాట పటంలో ఎందుకు లేదమ్మా?" అని అడిగింది.

మిస్ లాక్‌లీ తన కప్పు కింద పెట్టింది. "రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఊళ్లో దారులన్నీ రాసి పంపమని ప్రభుత్వం ప్రతి పారిష్‌నీ అడిగింది. అప్పుడు ఇక్కడి పారిష్ అధ్యక్షుడు గాడ్‌సాల్ గారి తండ్రి. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా ఆ బాటనే నడిచి సమావేశానికి వచ్చారు. కానీ ఆయన ఎదురుగానే ఆయన పొలం మీద గీత గీయడం బాగుండదనుకున్నారు. ఆయనెలాగూ కాదనడు, రాయడమెందుకని వదిలేశారు. బాగుండదని! హెస్టర్, నువ్వొక్కదానివే చేసిన తప్పు కాదు. ఊరంతా రెండు తరాలుగా చేస్తున్న తప్పు ఇది."

"ఇప్పుడేం చేయగలం?"

"కౌంటీ వాళ్లు, అదే జిల్లా అధికారులు, తలుచుకుంటే ఫెన్‌విక్‌కు పరిహారమిచ్చి చట్టప్రకారం అక్కడ దారి ఏర్పాటు చేయగలరు. ఊరు గట్టిగా అడగాలి. ఏళ్లు పట్టొచ్చు."

పారిష్ సమావేశం రోజున హాలు నిండిపోయింది. ఫెన్‌విక్ లేచి, జరిగినదానికి తన మనసు ఎంతో బాధపడిందని చెప్పాడు. ఆ మాట అబద్ధం కాదు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తన అనుమతితో ఊరివాళ్లు పొలం గుండా నడవవచ్చన్నాడు. అవసరమైనప్పుడు మూసే స్వేచ్ఛ తనకుంటుందన్నాడు. హాలంతా చప్పట్లు. అధ్యక్షుడు ఆయనకు కృతజ్ఞతల తీర్మానం పెట్టాడు. చేతులు లేస్తున్నాయి.

"నేనొక మాట చెప్పాలి," అంటూ హెస్టర్ లేచింది. ఎవరూ అడగకుండా ఆమె నోరు తెరవడం ఊరు చూడడం అదే మొదటిసారి.

"కూర్చో హెస్టర్, చెడగొట్టకు," అని పక్కింటి నాన్ బెవన్ గౌను పట్టి లాగింది. "నా మనవలు రోజూ ఆ రోడ్డునే పోతున్నారు."

"తెలుసు నాన్. రేపట్నించీ పొలం గుండానే పంపు, నేనూ అలాగే పోతాను. కానీ ఆ తీర్మానానికి నా చెయ్యి లేవదు." ఆమె ఫెన్‌విక్ వైపు తిరిగింది. "మీరు చెడ్డవారు కాదు బాబూ. గాడ్‌సాల్ గారు మీకంటే మంచివారు. ఆయన మంచితనం ఆయనతోనే పోయింది. మీరు పోయాక, లేదా మీకు విసుగొచ్చాక, ఈ పిల్లలు మళ్లీ రోడ్డు మీదే ఉంటారు. మాకు మీ అనుమతి వద్దు, దారి కావాలి. చట్టప్రకారం కావాలి. కౌంటీకి రాయండి మిస్ లాక్‌లీ, మొదటి సంతకం నేను పెడతాను."

ఫెన్‌విక్ ముఖం కందగడ్డ అయింది. "నేను ఇస్తున్నదానికి కనీసం థాంక్స్ కూడా చెప్పరా, మిసెస్ ప్రాబర్ట్?"

ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. డెబ్బై ఏళ్ల అలవాటు అంత తేలిగ్గా పోదు. ఆమె కుర్చీ వీపును గట్టిగా పట్టుకుని నిలబడింది.

"చెప్పనండీ," అంది. "ఇన్నాళ్లూ చెప్పాను. ఆ థాంక్సులే మా ఆయన్ని చంపాయి."

లేచిన చేతుల్లో కొన్ని దిగాయి. కొన్ని అలాగే ఉన్నాయి. నాన్ బెవన్ చెయ్యి మాత్రం కాసేపు గాలిలో ఊగి, మెల్లగా ఒళ్లోకి వచ్చింది. మిస్ లాక్‌లీ కలం తీసింది.

హెస్టర్ ఇంకా నిలబడే ఉంది. ఆమె హాలంతా ఒకసారి కలయజూసింది.

"ఇరుగుపొరుగును మర్యాదగా పలకరించండి, ఎవరూ కాదనరు. కానీ మీ హక్కును మాత్రం దయచేయమని ఎవర్నీ అడక్కండి. అలా అడిగిన రోజునే అది మీది కాకుండా పోతుంది."