బావ మీసం, ఆరు స్పీకర్లు

మా బావకు రెండింటి మీద ప్రాణం. ఒకటి ముక్కు కింద మీసం, రెండోది కారులో స్పీకర్లు. మీసం జోలికి నేనెప్పుడూ పోలేదు. స్పీకర్లతో మాత్రం నా తల ప్రాణం తోకకొచ్చింది.

నాది కార్లకు ఆడియో బిగించే షాపు. పదిహేనేళ్లుగా ఇదే పని. బావ మూడు నెలలుగా వీడియోలు చూస్తున్నాడు. అందుకని ఆయన చెప్తాడు, నేను వినాలి.

శుక్రవారం పొద్దున్నే కారు తెచ్చి షాపు ముందు ఆపాడు. "ఆంప్లిఫయర్ మొండికేస్తోంది బామ్మర్దీ. సౌండ్ పెంచగానే ఎర్రలైటు వెలిగి నోరు మూసుకుంటోంది. నాకు నాసిరకం సరుకు అంటగట్టారు."

డిక్కీ తెరిచి చూశాను. నాలుగు స్పీకర్లు, ఒక్కొక్కదాని రెసిస్టెన్స్ నాలుగు ఓమ్‌లు. ప్లస్సులన్నీ ఒకచోట, మైనస్సులన్నీ ఒకచోట మెలేసి టేపు చుట్టాడు. ఆ టేపు కూడా అట్టపెట్టెలకు అంటించేది.

"బావా, ఇలా కలిపితే నాలుగూ కలిసి ఒక్క ఓమ్ అవుతుంది. ఆంప్ మీద రెండుకు తగ్గకూడదని రాసుంది, చదువు."

"తగ్గితేనే కదా పవర్ ఎక్కువ లాగేది?"

"లాగుతుంది. ఇచ్చేవాడి ఓపిక కూడా చూడాలిగా. నలుగురు పిల్లలు ఒకేసారి నీ చెయ్యి పట్టుకుని లాగితే ఏమవుతావు?"

"నాకు పిల్లలు ఇద్దరే" అన్నాడు.

అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆదివారం స్టేడియం బయట కార్ల సౌండ్ పోటీ. మూడు నిమిషాలు పాట ఆగకుండా మోగాలి. మధ్యలో ఆగితే మీసం తీసేస్తానని బావ ఆఫీసులో అందరి ముందూ కోతలు కోసొచ్చాడు.

గంట తిరక్కుండా అక్క ఫోన్ చేసింది. "బాగు చెయ్యకురా. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను ఆ మీసాన్ని. టీ ఇస్తే సగం అదే తాగుతుంది. ఇటు ఈ మీసం, అటు మా అత్తగారి మూతి విరుపులు. రెండింటిలో ఒక్కటైనా నాకు తప్పనీ."

"తెలిసి తెలిసి తప్పు వైరింగ్ వదలడానికి నాకు చేతులు రావే."

"అయితే ఆదివారం భోజనానికి రాకు."

నాకు ఒళ్లు మండింది. మొగుడూ పెళ్లాలు చెరో పక్క లాగుతుంటే మధ్యలో నేనేం పాపం చేశాను? అయినా పని పనే. స్పీకర్లను రెండేసి చొప్పున వరసలో కలిపాను, ఆ రెండు జతలనూ పక్కపక్కన కలిపాను. మొత్తం నాలుగు ఓమ్‌లు. రెండు గంటలు మోగించి ఆంప్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉందంతే.

"ఇక వైరు ముట్టుకున్నావో, నీ మీసం నేనే పీకుతాను" అని చెప్పి పంపాను.

ఆదివారం మొదటి నిమిషం కారు అద్దాలు అదిరాయి. బావ మీసం మెలేస్తూ ఆఫీసువాళ్ల వైపు చూశాడు. రెండో నిమిషంలో నాకు అనుమానం వచ్చింది. నేను బిగించని చోటు నుంచి పాట వస్తోంది. వెనక సీటు దిండు తీసి చూస్తే రెండు పాత స్పీకర్లు.

"ఇవెక్కడివి బావా?"

"పాత కారువి. ఇంట్లో ఊరికే పడున్నాయని నిన్న పెట్టాను. నీ వైర్లు ముట్టుకోలేదులే, నేరుగా ఆంప్‌కే ఇచ్చాను."

అవీ చెరో నాలుగు ఓమ్‌లే. అన్నీ కలిసి ఇప్పుడు ఒకటిన్నర కూడా లేదు, ఆంప్‌కు కనీసం రెండుండాలి.

"సౌండ్ తగ్గించు బావా, గట్టెక్కుతావు."

"పోటీకొచ్చి తగ్గించడమేంటి?" అని ఇంకాస్త పెంచాడు.

సరిగ్గా పది సెకన్లు మిగిలుండగా ఎర్రలైటు వెలిగింది. పాట ఠక్కున ఆగిపోయింది. ఎవరో దగ్గడం కూడా వినిపించింది.

మాట మీద నిలబడే మనిషి కాబట్టి బావ ఎదురుగా ఉన్న సెలూన్‌లోకి తనే నడిచి వెళ్లాడు. పోటీ చూడ్డానికొచ్చిన అక్క ఫోటో తియ్యడానికి ఫోన్ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. దాని ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

బావ బయటికొచ్చాడు. అక్క చేతిలో ఫోన్ మెల్లగా కిందికి దిగింది.

సన్నటి పెదవి, ఎడమవైపుకు చిన్న వంకర. ఇరవై రెండేళ్లుగా ఆ మీసం చాటున అక్క అత్తగారు దాక్కుని ఉంది.

"ఏంటలా చూస్తున్నావ్?" అని బావ మూతి విరిచాడు.

"ఏం లేదత్తయ్యా" అంది అక్క, అలవాటు కొద్దీ. ఆ వెంటనే నాలుక కరుచుకుని, "పెంచండి. ఇవాళ్టి నుంచే పెంచండి" అంది.

తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నువ్వు భోజనానికి రారా. ఎదురుగా నేనొక్కదాన్నే కూర్చోలేను."