వంటింటి గంట

"ఫ్లాస్కులో టీ పోసుకో, దారిలో ఎక్కడా ఆగేది లేదు" అన్నాడు భర్త, బూట్లు తొడుక్కుంటూ. ఆమె అప్పటికే పోసి మూత బిగించింది. పాతికేళ్ల కాపురంలో ఎప్పుడూ ఇదే వరస. ఆయన చెప్పేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది. తాను చెప్పబట్టే అయిందని ఆయన నమ్మకం.

వాళ్లు చూడబోతున్నది ఒక చిన్న ఊరి శివార్లలో, ఆరెకరాల పొలం మధ్య ఉన్న ఇల్లు. ఆయన ఉద్యోగం ముందుగానే మానేసి వ్యవసాయంలోకి దిగాడు. దిగాడంటే, ఫోన్లో వీడియోలు చూశాడు. ఏ మూల కోళ్లు, ఏ మూల తేనెటీగలు అన్నది కూడా ఖాయం చేసేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పొలం కొనాలంటే ఇద్దరి పేరునా ఉన్న ఫ్లాట్ అమ్మాలి. ఆమె ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం మానాలి. "ఇంకా ఎన్నాళ్లు ఆ రక్తాలూ ఆ సీసాలూ? హాయిగా పల్లెగాలి పీలుస్తూ ఇంటిపట్టున ఉండు" అన్నాడు. ఆ రక్తాల మధ్యే ఆమెకొక కుర్చీ ఉంది. పెద్ద డాక్టరు కూడా వచ్చి "మేడమ్, మీరొకసారి చూసి చెప్పండి" అని నిలబడతాడు. ఇంట్లో ఆమెను చూసి చెప్పమన్నది ఉప్పు సరిపోయిందా లేదా అన్నది ఒక్కటే. అయినా ఆమె కాదనలేదు, "చూద్దాం" అంది. ఆమె "చూద్దాం" అన్నదల్లా ఆ ఇంట్లో "సరే" కిందే జమ. అత్తగారు బతికున్నప్పుడు నలుగురిలో మురిసిపోయేది కూడా, "మా కోడలికి నోరే లేదు" అని.

ఇల్లు అమ్మజూపుతున్న పెద్దాయన గేటు దగ్గరే ఎదురొచ్చాడు. భార్య పోయి ఏడాదయిందట, ఒంటరిగా ఉండలేకపోతున్నాడట. బావి లోతు, గట్ల హద్దులు, ఏ నిమ్మచెట్టు ఏ ఏడు కాపుకొచ్చిందీ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. "ఆవిడకి ఏ చెట్టంటే ఇష్టమండీ?" అని ఆమె అడిగితే మాత్రం తడబడ్డాడు. "దానికి పొలంలోకి వచ్చే తీరికెక్కడిదమ్మా?" అన్నాడు. మగవాళ్లిద్దరూ మొక్కజొన్న చేలోకి నడిచారు. "నువ్వు వంటిల్లు చూసుకోవోయ్" అని భర్త వెనక్కి తిరిగి కేకేశాడు.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఇక్కడ ఇల్లాలిని చూడాలంటే మిగిలింది ఇల్లొక్కటే. పొయ్యి ముందు నేల రెండు పాదాల మేర అరిగి నున్నగా ఉంది. గోడంతా పొగచూరి నల్లబడినా ఒక్కచోట మాత్రం తెల్లగా ఉంది. ఆ ఇంటావిడ భుజం ఆనించి నిలబడేదేమో, ఆ తెలుపు సరిగ్గా ఆమె భుజం ఎత్తులోనే ఉంది. ఎందుకు ఆనిందో తెలియదు గానీ ఆమె ఆ చోటే ఆని నిలబడింది. సున్నం చల్లగా తగిలింది. పక్కన ఎవరో సర్దుకుని చోటిచ్చినట్టయింది. భయం వేసింది. అంతకంటే ఎక్కువగా, పుట్టింటివాళ్లెవరో కనబడ్డట్టు ఏడుపు వచ్చింది.

అంతలో నెత్తిమీద గంట ఒక్కసారి ఖంగుమని మోగింది.

తేరుకునేసరికి ఆమె వాకిలి దాటి గట్టు మీద ఉంది. చేతిలో గ్లాసు, గ్లాసు నిండా నీళ్లు. ఎప్పుడు కుళాయి తిప్పిందో, ఎప్పుడు గుమ్మం దాటిందో ఒక్కటీ గుర్తులేదు. 'వెళ్లు తల్లీ, ఆలస్యమైతే అరుస్తాడు' అని ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు మాత్రం గుర్తుంది. ఎదురుగా చేలో భర్త ఒక స్తంభం పక్కన తాడు పట్టుకుని పకపకా నవ్వుతున్నాడు. "చూశావా ఈయన తెలివి! ఇక్కడ తాడు లాగితే అక్కడ వంటింట్లో గంట! గొంతు చించుకోనక్కర్లేదు. నీకెవరు చెప్పారు నీళ్లని?"

"ఒకసారి కొడితే నీళ్లు, రెండుసార్లయితే టీ, ఆగకుండా కొడితే అన్నం" అన్నాడు పెద్దాయన. "నేనే బిగించాను. మా ఆవిడ ఒక్కనాడూ ఆలస్యం చేసి ఎరగదు."

"ఆవిడ ఎలా పోయారు?" అంది ఆమె.

పెద్దాయన తాడు వంక చూశాడు. "ఆ వేళ గంట కొట్టానమ్మా. రాలేదు. మళ్లీ కొట్టాను. రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎంతసేపు రాదో చూద్దామని పంతం పట్టి, తిండి లేకుండా చీకటి పడేదాకా ఇక్కడే కూర్చున్నా. వెళ్లి చూస్తే పొయ్యి ముందే పడి ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది. పొద్దున్నే పోయిందన్నారు డాక్టరుగారు." కళ్లు తుడుచుకున్నాడు. "నేను లోపలికి ఒక్క అడుగు వేసుంటే..."

భర్త చప్పరించి, "అయ్యో పాపం" అన్నాడు. తరవాత స్తంభం మీది తీగ గోటితో గీరి చూశాడు. "తుప్పు పట్టిందండీ, ఇది మార్పించాలి" అని ఆమె వైపు తిరిగాడు. "ఏమోయ్, మాటిచ్చేద్దామా మరి?"

ఆమె వంగి చేతిలోని నీళ్ల గ్లాసు గట్టు మీద పెట్టింది.

"ఫ్లాట్ అమ్మడానికి నేను ఒప్పుకోను. నా ఉద్యోగం మానను."

"అదేంటి? ఇక్కడికి వచ్చేద్దామనేగా ఇంత దూరం వచ్చి చూశాం?" భర్త నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఉన్నట్టుండి ఏమైంది నీకు?"

"రాకుండా ఉండడానికి ఆవిడ చచ్చిపోవాల్సి వచ్చిందండీ" అంది ఆమె. "నేను బతికుండగానే రాను."