టీచరమ్మ వీసా తరగతి

ముప్పైనాలుగేళ్లు పిల్లలకు భూగోళం చెప్పిన దులమ్‌జావ్ టీచర్ ఒక్కసారి కూడా సముద్రం చూడలేదు. తమ దేశ రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి ఏ దిక్కుకు పోయినా ముందు గడ్డి, లేదా ఇసుక, ఆ తర్వాత పరాయి దేశపు సరిహద్దు. పింఛను మొదలైన ఏడాది ఆమె, చిన్ననాటి స్నేహితురాలు నొర్జ్‌మా కలిసి కొరియాలోని బూసాన్‌కి వెళ్లి సముద్రం చూసి రావాలనుకున్నారు.

అక్కడిదాకా ఇద్దరిదీ ఒకే మాట. వీసా దగ్గర పేచీ వచ్చింది.

"ఏజెన్సీకి ఇచ్చేద్దామే. డబ్బు పడేస్తే అన్నీ వాళ్లే చూసుకుంటారు," అంది నొర్జ్‌మా. ఆమెకు బజారులో మాంసం కుడుముల కొట్టుంది.

"నీ పేరూ నీ ఊరూ రాయడానికి ఇంకోడికి కూలి ఇస్తావుటే?"

"నీకేం, టీచరువి. నాకు ఫారం చూస్తేనే కళ్లు తిరుగుతాయి."

చివరికి ఎవరి దారి వారు పట్టారు. దులమ్‌జావ్ కళ్లజోడు పెట్టుకుని ఫారం తనే నింపుకుంది. మొదటిసారి ఫోటో వెనక గోడ తెల్లగా లేదని తిప్పి పంపారు. రెండోసారి పింఛను కాగితం పాతదన్నారు.

"ఏమే, వీసా కేంద్రంలో నీకు మంచం కూడా వేశారా?" అని నొర్జ్‌మా పగలబడి నవ్వింది. మూడోసారి కాగితాలు తీసుకున్నారు. రెండు వారాల్లో వీసా చేతికొచ్చింది.

నొర్జ్‌మా మాత్రం జర్గల్ అనే కుర్రాడి ఏజెన్సీలో మెత్తటి సోఫాలో కూర్చుని టీ తాగుతూ సంతకాలు పెట్టింది.

"కుడుముల కొట్టు అని రాస్తే కష్టం అక్కా," అన్నాడు జర్గల్. "అక్కడికి పోయి కొట్టు పెట్టేస్తారనుకుంటారు. ఉన్ని కంపెనీలో ఎగుమతుల మేనేజర్ అని రాశాను. ఫోనొస్తే అవునవును అనండి, చాలు."

వీసా కేంద్రం నుంచి ఫోను వచ్చింది. నొర్జ్‌మా కొట్టులో పిండి ఒత్తుతోంది. దులమ్‌జావ్ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది.

"మీరు ఎగుమతుల మేనేజరేనా అమ్మా?" అంది అవతలి గొంతు మర్యాదగా.

"అవునవును."

"ఈ నెల ఎగుమతులు ఎలా ఉన్నాయి?"

"ఏం చెప్పమంటారు, నిన్న రెండు వందలు పోయాయి. ఇవాళ ఉడికించే గిన్నెకి చిల్లు పడింది, నూరు కూడా కాలేదు."

దులమ్‌జావ్ నవ్వు ఆపుకోలేక నోట్లో శాలువా కుక్కుకుంది. "గిన్నేమిటమ్మా?" అంది ఫోనులో గొంతు. నొర్జ్‌మా పిండి ముద్ద పక్కన పెట్టేసింది.

"చూడమ్మా, నేను కుడుములు అమ్ముకునేదాన్ని," అని ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఉన్ని సంగతి నాకు తెలీదు. మేనేజర్ని చేసింది ఏజెన్సీ వాళ్లు."

"అయితే ఈ దరఖాస్తు చెల్లదమ్మా. నిజం కాగితాలతో మళ్లీ పెట్టుకోండి," అంది ఆ గొంతు. ఆవిడ కూడా నవ్వు ఆపుకుంటున్నట్టే వినిపించింది.

మర్నాడు ఇద్దరూ ఏజెన్సీకి వెళ్లారు. కట్టిన రుసుము వెనక్కి రాదన్నాడు జర్గల్.

"రాకపోతే పోనీలే నాయనా," అంది దులమ్‌జావ్ చల్లగా. సోఫాల్లో ఏడెనిమిది మంది ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని వంతు కోసం చూస్తున్నారు. ఆమె వాళ్ల ముందుకెళ్లి నిలబడి గొంతు సవరించుకుంది. "అందరూ ఫారం తీయండి. మొదటి గడిలో ఏం రాయాలి? నువ్వు చెప్పు, ఎర్ర టోపీ!"

ఎర్ర టోపీ ఆయన ఉలిక్కిపడి లేచాడు. "నా పేరండీ."

"రాయగలవా?"

"రాయగలనండీ."

"మరి డబ్బెందుకు ఇస్తున్నావు? కూర్చో. రెండో గడి."

"టీచరమ్మా, ఇదేం బాగాలేదు," అన్నాడు జర్గల్.

"మాట్లాడాలంటే చెయ్యెత్తాలి."

అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యెత్తేశాడు. గది గొల్లుమంది. ఫోటో వెనక గోడ, పింఛను కాగితం తేదీ, ఉద్యోగం గడిలో అబద్ధం రాస్తే వచ్చే ఫోను, అన్నీ చెప్పింది టీచరమ్మ. అయిదో గడికి ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఏడో గడికి జర్గల్ నొర్జ్‌మా డబ్బు కవరులో పెట్టి, రెండు చేతులతో అందించి, తలుపు తానే తీశాడు.

ఈసారి నొర్జ్‌మా ఫారం తనే రాసింది. దులమ్‌జావ్ పక్కన కూర్చుంది, కలం మాత్రం ముట్టుకోలేదు. తన వీసా గడువు తీరడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయనగా స్నేహితురాలిదీ వచ్చింది.

బూసాన్ ఒడ్డున నొర్జ్‌మా రెప్ప వేయకుండా నీళ్లకేసి చూస్తూ నిలబడిపోయింది. ఒంట్లో బాగానే ఉందా అని దులమ్‌జావ్ అడగబోయింది. ఇంతలో నొర్జ్‌మా బూట్లు విప్పి, ఆమె చెయ్యి పట్టుకుని బరబరా నీళ్లలోకి లాక్కుపోయింది. పెద్ద అల ఒకటి వచ్చి ఇద్దర్నీ నడుముదాకా తడిపింది. టీచరమ్మ చిన్నపిల్లలా కెవ్వుమంది.