టకటక మేస్త్రీ తట్టని తలుపు

టైల్స్ మేస్త్రీ ఏ ఇంట్లో అడుగుపెట్టినా వంగి వేలి కణుపుతో నేలను తట్టేవాడు. కింద డొల్ల ఉంటే చప్పుడే చెప్పేసేది. అందుకే అందరికీ ఆయన టకటక మేస్త్రీ. ఏళ్ల తరబడి మోకాళ్ల మీద నడిచి కూడబెట్టిందంతా పెట్టి, అద్దెకిచ్చుకుందామని ఒక మేడ కొంటున్నాడు. నేల తట్టాడు, గోడలు తట్టాడు, చివరికి అమ్మేవాడి భుజమూ తట్టాడు. ఎక్కడా డొల్ల లేదు. సాయంత్రం అగ్రిమెంటు, అడ్వాన్సు.

"కాగితాలు మా చెల్లికి ఒక్కసారి చూపించండి," అంది భార్య ఫోన్ పట్టుకుని. చెల్లెలు లాయరు.

"లాయరంటే ఉల్లిపాయే! పొరపొరకీ ఫీజు, చివరికి కన్నీళ్లు. తేడా వస్తే అప్పుడు చూద్దాంలే."

ఫోన్ స్పీకర్లో ఉందని ఆయనకు తెలియదు.

"బావా, సంతకం అయ్యాక పిలిస్తే నేను చేసేది వైద్యం కాదు, పోస్టుమార్టం! ఆ ఇంటి దగ్గరే ఉండు, వస్తున్నా."

వచ్చింది. ముందు ఇంట్లో ఉన్నవాళ్లతో మాట, తర్వాతే కాగితం; అది ఆవిడ పద్ధతి. నేరుగా మేడమీది వెనక గది తలుపు తట్టింది.

"ఆవిడ మా మేనత్తండీ, రేపోమాపో ఖాళీ చేస్తుంది!" అని కిందినుంచి కేకేశాడు అమ్మేవాడు.

తలుపు తీసిన పెద్దావిడ చేతిలో సూదీ దారం ఉన్నాయి.

"ఇల్లు అమ్ముతున్నారట, మీకు తెలుసాండీ?"

"అమ్మడమేంటమ్మా? మా నాన్న ఈ ఇల్లు నాకూ, వీడి తండ్రికీ చెరిసగం రాశాడు. నన్నెవరూ అడగందే?"

సరిగ్గా అప్పుడే అమ్మేవాడికి ఎక్కడలేని ఫోనూ వచ్చింది, మాట్లాడుతూ వీధిలోకి జారుకున్నాడు. తర్వాత కాగితాలూ పెద్దావిడ మాటే చెప్పాయి.

మేస్త్రీ మెట్లమీద కూలబడ్డాడు. ఇల్లంతా తట్టిన మనిషి, ఆ ఒక్క తలుపూ తట్టలేదు.

"తల్లీ, నా కష్టమంతా మట్టిలో కలిసేది. ఉల్లిపాయ అన్నందుకు చెంపలేసుకుంటున్నా."

"చెంపలొద్దు బావా, ఫీజు చాలు. ఈసారి జేబులో చెయ్యి పెట్టకముందే నాకు ఫోన్ చెయ్యి!"

ఆయన నవ్వబోయాడు, కళ్లు మాత్రం తడిశాయి. పొర ఒక్కటీ ఒలవకుండానే!

మర్నాడు పొద్దున్నే సంచి భుజాన వేసుకుని పెద్దావిడ గడప ముందు వాలాడు. అక్కడొక టైలు ఊగుతోందని నిన్న ఆ తలుపు తెరిచాకే కనిపెట్టాడు.

"కొనని ఇంటికి రిపేరేంటయ్యా?"

"నిన్న తలుపు తీశారు కదా పెద్దమ్మా," అన్నాడు సిమెంటు కలుపుతూ.