తువ్వాల కింద ధర

తెల్లవారుజామున పితకలేదు కాబట్టి ఆవు పొదుగు రాయిలా బిగిసింది. పాలు చుక్కచుక్కగా కారి పుంగనూరు సంత మట్టిలో ఇంకిపోతున్నాయి. అమ్మకానికి తోలుకొచ్చిన ఆవును ఆ పూట ఎవరూ పితకరు. నిండు పొదుగు కొనేవాడి కంట్లో పడాలి. నొప్పి ఆవుది, ధర మనిషిది.

సిద్ధమ్మ పలుపు పట్టుకుని ఎండలో నిలబడి మాటిమాటికీ బస్టాండు వైపు చూస్తోంది. పన్నెండు గంటల మదనపల్లె బస్సు ఆమెకు అందాలి, తర్వాతది ఎప్పుడో నమ్మకం లేదు.

ఆమె భర్త మారప్ప మదనపల్లె టమోటా మార్కెట్లో పెట్టెలు మోసే కూలీ. రోజుకు అరవై రూపాయలు. మొన్న లారీ మీద నుంచి జారిపడి కుడి తొడ ఎముక విరిగింది. మండీ యజమాని అయిదు వందలు చేతిలో పెట్టి, మిగతాది లారీవాడిని అడుక్కోమన్నాడు. లారీవాడు అప్పటికే మద్రాసు దారి పట్టాడు. కమ్మీ వేసి కాలు నిలబెట్టడానికి ఆసుపత్రిలో ఆరువేలు కట్టమన్నారు. ఈ సాయంత్రం కడితే రేపు ఆపరేషన్. లేదంటే ఆ డాక్టరు మళ్లీ వారానికి గాని రాడు, అప్పటికి కాలు దక్కుతుందని చెప్పలేమన్నారు.

సంతలో ధర నోటితో చెప్పరు. దళారి, అమ్మేవాడు చేయీ చేయీ కలిపి, పైన తువ్వాల కప్పి, వేళ్లతో బేరమాడతారు. చెయ్యంతా పట్టుకుంటే అయిదువేలు. ఆపైన వేలు పట్టి అదిమితే ఇంకో వెయ్యి, అదమకుండా తాకి వదిలితే ఒక వంద. తల ఊపితే బేరం కుదిరినట్టు. తువ్వాల తీశాక మళ్లీ అడగకూడదు. పలుపు చేతులు మారితే ఆవు కూడా మారిపోయినట్టే.

ఇదంతా నిన్న ఆసుపత్రి మంచం మీద మారప్పే ఆమెకు నేర్పాడు. సిద్ధమ్మ ఒక్కసారికే పట్టేసింది. వీధిలో ఇరవై ఇళ్లకు పాలు పోసి, నెలాఖరుకు ఏ ఇంటి లెక్కైనా కాగితం చూడకుండా చెప్పే మనిషి ఆమె. మొగుడు నాలుగైదు రకాలుగా పరీక్షించినా తప్పు పోలేదు. “నాకంటే నువ్వే మేలు, దళారీ పనికి పో” అని నొప్పిలోనే నవ్వాడు.

కానీ మనిషి బుర్ర కూడా సంచి లాంటిదే. అడుగు నుంచి దిగులుతో కూరిపెట్టాక పైన ఇంకో సోలెడు గింజలు పోస్తే నిలవవు. ఆ సంగతి దళారి మునిరత్నానికి ఏ చదువూ లేకుండానే తెలుసు. ఎద్దు వయసు పళ్లలో చూస్తాడు, మనిషి తొందర కళ్లలో చూస్తాడు.

కుప్పం నుంచి వచ్చిన పాలవ్యాపారి జయచంద్ర అప్పటికే తువ్వాల కింద మునిరత్నం చేతిని ఏడువేలకు అదిమి, పక్కనే బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. తక్కినది దళారి నేర్పు.

“ఏమ్మా, ఎన్నో ఈత?” మునిరత్నం తువ్వాల దులిపాడు.

“రెండో దూడప్పా. పూటకి నాలుగు లీటర్లిస్తాది.”

“ఇంటాయన యాడ? ఆడమనిషివి నువ్వొచ్చినావే?”

“కాలిరిగి ఆసుపత్రిలో ఉండాడు.”

వెనక నుంచి ఎవరో అన్నారు: “ఇరిగింది కాలు గదా, సెయ్యి బాగానే ఉండాది గదా! ఆయన్నే పిలిపీ!” నలుగురు నవ్వారు. సిద్ధమ్మ వినబడనట్టు చెయ్యి చాపింది. తువ్వాల పడింది.

మునిరత్నం చెయ్యంతా పట్టుకున్నాడు. అయిదు. సిద్ధమ్మ మనసులో దాన్ని గట్టిగా పట్టుకుంది.

“తొడ దగ్గరా, మోకాలి కిందా?” అని అడిగాడు, ఎంతో దయగా.

“తొడ...”

“అయ్యో. మా బామ్మర్దికీ ఆడనే ఇరిగింది. కాలు తీసేసినారు.”

ఆ మాట అంటూనే రెండు వేళ్లు పట్టి వదిలాడు. సిద్ధమ్మ కళ్ల ముందు లుంగీ కింద ఒక కాలే ఉన్న మారప్ప కనిపించాడు. బస్టాండులో ఏదో హారన్ మోగింది. రెండు వేళ్లు. ఏడువేలు కాబోలు. తల ఊపింది. తువ్వాల లేచింది.

మునిరత్నం నోట్లు తీసి ఆమె చేతిలో పెట్టి, పలుపు కోసం చెయ్యి చాపాడు. సిద్ధమ్మ లెక్క చూసుకుంది. అయిదువేల పైన రెండే రెండు వంద కాగితాలు.

“అప్పా, ఇది తక్కువుండాదే.”

“తక్కువేముండాది? నువ్వు తలూపలా?”

“రెండు వేళ్లు అదిమితివి గదా?”

“అదిమినానా, తాకినానా? నువ్వే సెప్పు.”

సిద్ధమ్మ వెతుక్కుంది. చెయ్యి ఉంది, వేళ్లున్నాయి, ఆ ఒత్తిడి మాత్రం ఎక్కడా లేదు. దాని స్థానంలో తీసేసిన కాలు ఉంది. అబద్ధమాడడం ఆమెకు చేతకాలేదు.

“తెలీదప్పా. నువ్వా మాట అన్నావు, నాకు మతి పోయింది.”

“అట్టయితే యాల గొడవ? బస్సు కూడా పోతాది సూడు. పలుపియ్యి.”

పలుపు ఆమె పిడికిట్లో వదులైంది. సగం చాపింది కూడా. అప్పుడు ఆవు నొప్పితో మూలిగి కాలు దులిపింది. సిద్ధమ్మ దాని వైపు చూసింది. నోట్లు తిరిగి దళారి చేతిలో పెట్టింది. పక్కన మజ్జిగ అమ్ముకునే పాపక్క దగ్గరికి పోయి, “అక్కా, ఆ బిందె ఇట్టియ్యి” అంది.

“ఏం జేస్తావే?”

“పిండతా.”

“పొదుగు వట్టిపోతే ఎవురు కొంటారే, పిచ్చిదానా!” అంటూనే పాపక్క బిందె ఇచ్చింది.

సిద్ధమ్మ ఆవు పక్కన గొంతుక్కూర్చుంది. పాలు బిందె అడుగున మోగాయి. కాసేపటికి చేతులకు రోజూ పడే వరస పడింది. ఆ వరసలో బుర్ర కొంచెం కొంచెంగా ఖాళీ అయింది. నాలుగు లీటర్ల ఆవు, రెండో ఈత, జబ్బు లేదు. దీని వెల ఆమెకు నిన్న తెలుసు, ఇప్పుడు మళ్లీ తెలిసింది.

“ఏడువేలు,” అంది తల ఎత్తకుండా, అందరికీ వినబడేలా. “కావల్సినోళ్లు నోటితో అడగండి. తువ్వాల కింద సెయ్యి పెట్టను.”

ఆ మూల బేరాలాడుతున్నవాళ్లు ఇటు తిరిగారు.

“సంతలో నోటితో ధర సెప్తారా యాడన్నా?” మునిరత్నం గొంతు పెంచాడు. “ఆచారం సెడిపోదా?”

“నాకిచ్చిన అయిదువేల రెండొందలు నోటితో సెప్పు, సాలు. సిగ్గెందుకు?”

జయచంద్ర నోట్లోంచి బీడీ తీశాడు. దళారి వైపు చూశాడు. మునిరత్నం ఆ చూపు తప్పించుకుని తువ్వాల మడత పెట్టుకోసాగాడు. తను అదిమిన ఏడువేలకీ, ఆమె చెప్పిన అయిదువేల రెండొందలకీ మధ్య ఎంత పోయిందో లెక్క కట్టడానికి జయచంద్రకు కాగితం అక్కర్లేదు. కానీ వచ్చే సంతలో మళ్లీ ఈ దళారితోనే పని.

బస్టాండులో కండక్టరు విజిల్ ఊదాడు. మదనపల్లె బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. సిద్ధమ్మ వీపు ఒక్కసారి బిగిసింది. తల మాత్రం తిప్పలేదు.

జయచంద్ర భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. దాన్ని బేరానికి చేతి మీద కప్పుకోలేదు. అట్లని నోటితో ధరా చెప్పలేదు.

సిద్ధమ్మ పలుపును మణికట్టుకు ఇంకో చుట్టు చుట్టుకుని, పిండుతూనే ఉంది.