ఎవరి పోలిక

పాపకి చొక్కా మారుస్తుంటే మోచేతుల మీద మళ్లీ ఎర్రగా కనబడింది. తాకితే పాప చెయ్యి లాక్కుంది. ఆమెకి ఒళ్లు మండిపోయింది. నిన్ననే తండ్రి ఇంటి నుంచి వచ్చింది పిల్ల. వారాంతం అక్కడ, మిగతా రోజులు ఇక్కడ, కోర్టు తేల్చేదాకా ఇంతే.

"ఎవరు చేశారే?" అని అడిగింది. పాప గుమ్మంలో ఉన్న అమ్మమ్మ వంక చూసి ఊరుకుంది. నోరెత్తకుండా బెదిరించి పంపారన్నమాట, అనుకుంది ఆమె.

అత్తగారిని కాక ఇంకెవరిని అనుమానిస్తుంది? ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ తెల్లారకముందే లేచి అందరికీ వండిపెట్టి, అందరి బట్టలూ ఉతికి, ఆపైన బట్టల కొట్టులో బిల్లులు కొట్టడానికి పరిగెత్తేది. సాయంత్రం గుమ్మంలో అడుగు పెడితే చాలు, "కన్నావు సరే, పెంచేదెప్పుడు?" అనేవాడు భర్త. విడిపోయాక అత్తగారు కొత్త పాట అందుకుంది. "మేం నల్లవాళ్లం, పిల్లా నల్లదే. మీవాళ్లు దాన్ని మనిషిలా చూడరు. మా దగ్గరే ఉండనీ." అబ్బో, ఎంత ప్రేమో. మొన్న కోర్టులో వాళ్ల లాయరయితే తల్లీకూతుళ్లని పక్కపక్కన నిలబెట్టి, "పోలికేమైనా ఉందా, చూడండి," అన్నాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

చేతుల్ని ఫొటో తీసి తన లాయరుకి పంపింది. "ఇది చాలమ్మా, పాప మీదే," అన్నాడాయన. "రేపు కోర్టు పంపే పిల్లల సంక్షేమ అధికారి మీ ఇంటికొస్తుంది కదా, ఆవిడకి చూపించండి."

మర్నాడు పనికి సెలవు పెట్టింది. లేకపోతే పాప స్నానం వేళకి ఆమె ఇంట్లో ఉండేదే కాదు. బాత్రూంలోంచి తన తల్లి గొంతు వినబడింది. "కదలకు బంగారం, ఇంకొంచెమే." తలుపు తోసింది. తల్లి గరుకు పీచుతో పాప మోచెయ్యి బరబరా రుద్దుతోంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

తల్లి తడబడనైనా లేదు. "ఆ నలుపు కాస్త విరుగుతుందని. కోర్టులో వాడన్నమాట విన్లా? నీ పోలిక కనబడకపోతే దీన్ని నీకెందుకిస్తారే?"

"పోయిందా అమ్మమ్మా?" అంది పాప, రెండో చెయ్యి కూడా ఓపిగ్గా చాపుతూ.

ఆమె తల్లి చేతిలోంచి పీచు లాక్కుంది. తను పనికెళ్తే పాపకి అన్నం తినిపించేది, జోకొట్టేది ఈ తల్లే. ఇన్నాళ్లూ అత్తింటి మీద వేసిన నిఘాలో పదోవంతు తనింట్లో వేసి ఉంటేనా అనిపించి సిగ్గుతో చచ్చిపోయింది.

అధికారి వచ్చి కూర్చుంది. పాపని దగ్గరకి తీసుకుని చేతులు చూసింది. "ఇదెలా అయింది?" అంది. వంటింటి గుమ్మంలోంచి తల్లి కళ్లతో సైగ చేసింది, వాళ్ల మీదకి తోసెయ్యమని. ఒక్క మాట అంటే చాలు, పాప తనదే.

"మా అమ్మ రుద్దిందండి. రంగు పోవాలని."

అధికారి రాయడం ఆపి తలెత్తింది. "ఇది చెబితే పాప మీకు రాకపోవచ్చు. తెలుసా?"

"తెలుసండి," అంది ఆమె. "వస్తే ఇలాంటి ఇంటికి మాత్రం రాకూడదు."