షెడ్డు ఒకటి, బోర్డులు మూడు

నేను ఒక లేత్ మిషన్‌ని. ఇనుప కడ్డీని గిరగిరా తిప్పి చెక్కడం నా పని. నన్ను పోత పోసింది ఎవరో తెలీదు. గాజువాక వైపు ఒక రేకుల షెడ్డులో బిగించాక పదకొండేళ్లపాటు నేనెరిగిన చెయ్యి ఒక్కటే, టర్నర్ పైడిరాజుది.

షెడ్డులో ఇరవై ఏడుగురు. ఒక కంపెనీలో మనుషులు పదిమందైతే చట్టం లోపలికొచ్చి కూచుంటుంది. తిరిగే మిషన్‌కి అడ్డంగా గార్డు రేకేది, మనిషికి ఈఎస్ఐ కార్డేది అని అడుగుతుంది. ఆ బాధ పడలేక ఓనరు రామభద్రరాజు గారు షెడ్డుని తొమ్మిదేసి మందితో మూడు కంపెనీలు చేశారు. టర్నింగు ఒకటి, వెల్డింగు ఒకటి, పెయింటింగు ఒకటి. గేటుకి మూడు బోర్డులు, నేల మీద పసుప్పచ్చ గీతలు. వెల్డింగు పొగకి చదువు రాదు కాబట్టి అన్ని కంపెనీల్లోనూ తిరిగేది.

కంపెనీ అన్నాక కాగితం మీద ఓనరుండాలి.

"టర్నింగుకి నువ్వే ఓనరువిరా పైడిరాజూ. ఇక్కడ సంతకం పెట్టు."

పెట్టాడు. వెల్డర్ గౌరునాయుడు ఊరుకుంటాడా? "ఓనరుగారూ, మాకు టీలు చెప్పరేటండి?" అన్నాడు. పైడిరాజు సిగ్గుపడ్డాడు గాని, సాయంత్రం పెళ్లాం అసిరమ్మని తీసుకొచ్చి బోర్డు చూపించాడు.

మరుసటి వేసవిలో పైడిరాజు చొక్కా చెయ్యి, కడ్డీని పట్టుకుని తిరిగే నా చక్‌లో చుట్టుకుంది. గార్డు లేదు. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. తిప్పింది నేనే, దాచను.

అసిరమ్మ వచ్చి ఈఎస్ఐ ఆస్పత్రికి కాగితం రాసిమ్మంది. "అది కార్మికులకమ్మా. వాడు ఓనరు కదా. వాడి కంపెనీ, వాడి మిషను" అన్నారు రాజుగారు, ఎంతో మర్యాదగా.

ఆవిడ ఊరుకోలేదు, ఫిర్యాదు పెట్టింది. లేబర్ ఆఫీసరమ్మ పైడిరాజుని వెంటబెట్టుకుని షెడ్డుకి వచ్చింది. కాగితాలు చూసింది. ఒక్క తప్పు లేదు. దొంగ కాగితానికి ఉండే శుభ్రం మంచి కాగితానికి ఉండదు. ఆమె వాటిని మూసేసి నా దగ్గరికొచ్చింది.

"పైడిరాజుగారూ, మీ మిషను ఒకసారి ఆన్ చెయ్యండి."

అతను ఎడంచెయ్యి చాపి ఆగిపోయాడు. కరెంటు మెయిన్ పెట్టెకి తాళం ఉంది.

"తాళంచెవి ఏదీ?"

"రాజుగారి జేబులో ఉంటాదమ్మా. పొద్దున్న ఆయనొచ్చి తీస్తేనే మా పని."

గౌరునాయుడు చేతిలోని వెల్డింగు హోల్డరు కింద పెట్టి, పసుప్పచ్చ గీత దాటి వచ్చి పైడిరాజు పక్కన నిలబడ్డాడు. "మాదీ అంతేనమ్మా. మూడు కంపెనీలకీ తాళం ఒకటే."

ఆమె రాసుకుంది: కార్మికుడు. ఆ ఒక్క మాట కోర్టులో నిలబడ్డానికి మూడేళ్లు పట్టింది. నిలబడింది. చెయ్యి మాత్రం రాలేదు.

నన్ను తుక్కు కొట్లో పడేశారు. ఇక్కడా విడగొడతారు. పోత ఇనుము ఒక కుప్ప, ఉక్కు ఒక కుప్ప, రాగి ఇంకో మూల. కాకపోతే సుత్తితో కొట్టి, ఏ లోహమో చూసి మరీ వేస్తారు. నన్ను రాగి అని ఎవరూ రాయలేదు.